కరెంటు వద్దన్న పియానో మదామ్

పదవీ విరమణకు ముందు వేసవిలో నేను మొయినాబాద్ మండలంలో ఒక సెక్షన్‌కు ఏఈగా పనిచేస్తున్నాను. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం చేవెళ్ల నుంచి మా ఏడీఈ ఫోన్ చేసి ఒక పని అప్పగించారు. తెలియనివారి కోసం చెబుతాను. విద్యుత్ శాఖలో ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీర్. సబ్‌స్టేషన్లు, వాటి నుంచి ఊళ్లకు పోయే లైన్లు, ఆ లైన్ల మీద పనిచేసే సిబ్బంది అతని కింద ఉంటారు. అతని పైన ఏడీఈ, ఆ పైన డీఈ, ఆ పైన ఇంకా చాలామంది. ఆదేశాలు పై నుంచి కిందికి వస్తాయి, తిట్లు కింది నుంచి పైకి పోతాయి. రెండూ కలిసే చోట ఏఈ కూర్చుని ఉంటాడు.

చిన్న మంగళారంలో డాక్టర్ అనురాధ గారికి ఫామ్‌హౌస్ ఉందని, అక్కడికి విదేశాల నుంచి ఒక పెద్ద సంగీత విద్వాంసురాలు వచ్చారని, పియానో రికార్డింగ్ జరగబోతోందని ఏడీఈ చెప్పారు. కరెంటు విషయంలో వాళ్లకు ఏ ఇబ్బందీ రాకూడదన్నారు. మా శాఖలో ఈ మాటకు ఒక్కటే అర్థం. కరెంటు పోకూడదు. మంత్రుల సభలకూ పెద్దవాళ్ల పెళ్లిళ్లకూ ఈ మాటే విన్నాను, అదే అర్థం చేసుకున్నాను, ఏనాడూ తప్పు కాలేదు.

కాబట్టి ఒళ్లు వంచి పనిచేశాను. ఆ ఫామ్‌హౌస్‌కు కరెంటు పొలాల మోటార్లున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచే వచ్చేది. మోటార్లన్నీ నడిస్తే ఇంట్లో దీపాలు నీరసపడేవి. ఆ వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడో మంజూరై స్టోర్సులో పడి ఉంది. పట్టుబట్టి తెప్పించి, సరిగ్గా ఆ ఇంటి ప్రహరీ పక్కనే దిమ్మె మీద ఎక్కించాను. లైన్‌మన్ యాదయ్య దానికి బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. ఛార్జి చేయగానే, అంటే కరెంటు ఇవ్వగానే, మంచి నిండైన మోతతో పాడడం మొదలుపెట్టింది. ఇద్దరం చూసి మురిసిపోయాం. ఇక మెప్పు పొందడానికి లోపలికి వెళ్లాను.

చాయ్ ఇచ్చారు. అనురాధ గారు నగరంలో చేతి ఎముకలకూ నరాలకూ ఆపరేషన్లు చేసే సర్జన్. కెనడాలోని మాంట్రియల్‌లో చదువుకునే రోజుల్లో ఒకావిడ దగ్గర పియానో నేర్చుకున్నారు. ఆ గురువే ఇప్పుడు అతిథి. పేరు సోలాంజ్. కరీబియన్ సముద్రంలో ఉన్న హైతీ దేశస్థురాలు. డెబ్బై దాటిన మనిషి, నల్లగా పొడుగ్గా ఉన్నారు, తెల్లటి పొట్టి జుట్టు. అనురాధ గారు ఆవిడను మదామ్ అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. ఆవిడ ఇంగ్లిషులో ఫ్రెంచి యాస. నాకు అందనిచోట అనురాధ గారు తెలుగులో చెప్పారు.

మదామ్ అడిగిన మొదటి ప్రశ్న, గోడ పక్కన పాడుతున్న ఆ వస్తువును ఎవరు పెట్టారని. నేనేనని గర్వంగా చెప్పాను. దాన్ని తీసేయడం వీలవుతుందా అని చాలా మర్యాదగా అడిగారు. నా సర్వీసులో నన్ను ఇంత మృదువుగా ఎవరూ కింద పడేయలేదు.

నా ముఖం చూసి జాలిపడ్డారేమో, పియానో దగ్గరికి తీసుకువెళ్లారు. ఎడమచేతి వైపు ఒక మెట్టు నొక్కి వినమన్నారు. తర్వాత దాని పక్క మెట్టు నొక్కారు. నా ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండింటి మధ్యలో, మొదటిదానికి కాస్త పైన పాడుతోంది. సరిగ్గా స్వరం మీద ఉంటే ఓర్చుకునేదాన్ని, ఇది బూటులో రాయిలా ఉందన్నారు. రికార్డింగ్ చేసే ఫిరోజ్ అనే అతను హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు. కుండలో తేనెటీగలు తిరుగుతున్నట్టు వినిపించింది. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు తిరుగుతుంది, ఒక్కో ఆవృత్తికి లోపలి ఇనుప రేకులు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి, ఆ వందసార్ల కదలికే ఈ మోత. మాకు అది ఆరోగ్యానికి గుర్తు. ట్రాన్స్‌ఫార్మర్ మోగకపోతేనే మా గుండె ఆగుతుంది.

అసలు సంగతి అప్పుడు చెప్పారు అనురాధ గారు. మదామ్ కుడిచేతి బొటనవేలి కీలు పూర్తిగా అరిగిపోయింది, స్నాయువులు కూడా దెబ్బతిన్నాయి. వచ్చే వారమే ఆపరేషన్, చేసేది శిష్యురాలే. నొప్పి పోతుంది గానీ వేళ్లు మునుపటిలా సాగుతాయని, ఆ వేగం వస్తుందని హామీ లేదు. మదామ్ తన జీవితమంతా కొంచెం కొంచెంగా రాసుకుంటూ వచ్చిన ఒక పెద్ద రచన ఉంది. దాన్ని ఇతరులు వాయించవచ్చు. కానీ ఒక్కసారైనా తన తలలో ఉన్నట్టుగా తన చేతులతోనే రికార్డు కావాలని ఆవిడ పట్టుదల. చేయి రోజుకు కాసేపే పనిచేస్తుంది, తర్వాత వాచిపోతుంది. అందుకే ఊరంతా తిరగకుండా, మంచి పియానో ఉన్న ఈ ఇంట్లోనే చేయాలనుకున్నారు. ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందని అనుకున్నారట, పాపం.

రెండో చాయ్ మీద మదామ్ తన కథ చెప్పుకొచ్చారు. జాక్‌మెల్ అనే సముద్రపు ఊళ్లో పుట్టారు. తాత కొండవాలు మీద కాఫీ పండించేవాడు. మేనత్త చర్చిలో వాయించేది, ఇంట్లో ఒక పాత పియానో ఉండేది. ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి సగం మెట్లు పలికేవి కావు. పలకని స్వరాన్ని నోటితో పాడి, మిగిలినవి వేళ్లతో వాయించేవారట. స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లి పెద్ద సంగీత పాఠశాలలో చదివారు. అక్కడ పరీక్షలో తమ దేశపు నృత్యగతి మెరాంగ్‌లో తాను రాసిన ముక్క వాయిస్తే, ఇది నాట్యమా సంగీతమా అని ఒక పరీక్షకుడు అడిగాడట. మీ కాలు బల్లకింద దేనికి ఆడుతోందో చూసుకోండి అని జవాబిచ్చారట. చదువయ్యాక అక్కడ ఉండిపోకుండా సొంతదేశం వెళ్లి పిల్లలకు నేర్పారు. భూకంపంలో బడి కూలింది, పియానోలు దానికింద పోయాయి. తర్వాత మాంట్రియల్. ఇప్పుడు తుపాకీ ముఠాల వల్ల ఇంటికి వెళ్లే దారే లేదు. ఇదంతా ఆవిడ నవ్వుతూనే చెప్పారు, భూకంపం దగ్గర మాత్రం కాసేపు చాయ్ కప్పు వైపు చూశారు.

చివర్లో అడిగారు, మా ఊళ్లో కరెంటు లేకుండా వాయించడమే నాకు అలవాటు, ఫిరోజ్ యంత్రాలు బ్యాటరీ మీద నడుస్తాయి, పియానోకు కరెంటుతో పనిలేదు, మొత్తంగా తీసేయగలరా అని.

నాకు నవ్వు ఆగలేదు. కరెంటు ఎందుకు పోయిందని, ఎప్పుడొస్తుందని, అసలొస్తుందా అని అడిగినవాళ్లను లక్షమందిని చూసి ఉంటాను. తీసెయ్యమని అడిగిన మొదటి వినియోగదారు ఈవిడే. గుమ్మం దగ్గర నిలబడ్డ యాదయ్య ఏమైందని అడిగితే, కరెంటు తియ్యమంటున్నారని చెప్పాను.

"మన కరెంటేనా సారు?" అన్నాడు అతను.

వెళ్లి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ దించాడు, దండతో సహా అది మూగపోయింది. అందరం చెవులు రిక్కించాం. అప్పటిదాకా దాని వెనుక దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. పొలాల్లో పాత ట్రాన్స్‌ఫార్మర్లు, పక్క ఫామ్‌హౌస్ ఏసీలు, దుమ్ముపట్టిన పింగాణీ ఇన్సులేటర్ల మీద పెద్ద లైను చిటపటలు. ఫిరోజ్ తల అడ్డంగా ఊపాడు. యాదయ్య స్విచ్ మళ్లీ ఎక్కించాడు. మొత్తం ఫీడరే తీయాలి. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరి చిన్న మంగళారం మీదుగా సురంగల్ వైపు పోయే ఆ లైను మొత్తం.

ఫీడర్ ఆపడానికి ఒక పద్ధతి ఉంది, దాన్ని లైన్ క్లియర్ అంటాం, వాడుకలో ఎల్సీ. పని చేయబోయే మనిషి తన పేరు మీద సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకుంటాడు. ఆపరేటర్ బ్రేకర్ తెరుస్తాడు, అంటే లైనుకు కరెంటు ఆపేస్తాడు. లైనుకు ఎర్తింగ్ వేసి పని చేస్తారు. పని అయ్యాక మనుషులందరూ స్తంభాలు దిగారని చూసుకుని, తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. అతను ఇచ్చేదాకా ముఖ్యమంత్రి చెప్పినా బ్రేకర్ మూయరు. లైన్‌మన్ ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంటుంది. సంగీతం కోసం మాత్రం ఎల్సీ ఇవ్వరు. అయితే వానాకాలం ముందు చేయాల్సిన మరమ్మతులు ఆ ఫీడర్‌కు ఎలాగూ బాకీ ఉన్నాయి. సురంగల్ వైపు కొమ్మలు కొట్టాలి, పగిలిన ఇన్సులేటర్లు మార్చాలి. గొడ్డలి చప్పుడు ఇక్కడికి వినిపించనంత దూరం. వాటిని ముందుకు జరుపుతానని ఏడీఈకి ఫోన్ చేశాను. కరెంటు పోవద్దని చెబితే ఫీడరే తీస్తున్నావా అని ఆయన అడిగారు. మొత్తం వివరించాను. రిటైరయ్యే ముందు నీకు ఇదొక్కటే తక్కువైందని అని, సరే చెయ్యమన్నారు.

ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కరెంటు నిలిపివేత మెసేజీ వెళ్లీ వెళ్లకముందే జంగారెడ్డి వచ్చాడు. ప్రహరీ అవతలి పొలం అతనిదే. మాజీ సర్పంచ్. ఎన్నికల్లో ఓడిన దగ్గర్నుంచి గెలిచినవాడికంటే ఎక్కువగా మా సెక్షన్ ఆఫీసు మీద కన్నేసి ఉంచేవాడు.

"టమాట నారు ఇప్పుడే నాటిన. గీ ఎండల పొద్దంత కరెంటు తీస్తె మొక్కలకు నీ జీతం పొయ్యాల్నా సారూ?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఏ మంత్రి చుట్టమని అడిగాడు.

మంత్రి చుట్టం కాదని, ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మలేదు. సరే చూద్దాం పదమని తీసుకువెళ్లాను. మదామ్ గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని కుడిచేయి ముంచి కూర్చున్నారు. జంగారెడ్డి ఆ వాచిన కీలును వంగి చూశాడు. ఏం పంట వేశారని ఆవిడ అడిగితే అనురాధ గారు అతనికి చెప్పారు, అతను టమాట అన్నాడు, ఆవిడ తాతగారి కాఫీ తోట సంగతి చెప్పారు. ధరలేక పారబోసిన సంవత్సరాలు ఇద్దరికీ ఉన్నాయి, వాటి గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడ చేయి తుడుచుకుని బల్ల మీద మెరాంగ్ దెబ్బ వేసి చూపించారు. రెండు పట్టే చోట అయిదు ఇరికించినట్టు ఉంటుంది, పడిపోతుందేమో అనిపిస్తూనే నడుస్తుంది. మన ఖండగతిలో కూడా ఇలాగే అయిదు అని అనురాధ గారు అన్నారు. జంగారెడ్డికి గతుల గొడవ పట్టలేదు, అతని చూపు ఆ వేళ్ల మీదే ఉంది.

"ఆపరేషనైనంక గీ చెయ్యి మల్ల గిట్ల ఉరుకుతదా డాక్టరమ్మా?" అని అడిగాడు.

"చెప్పలేనన్నా," అన్నారు అనురాధ గారు.

అతను నా వైపు తిరిగాడు. "పొద్దుగాలనే నీళ్లు పారిచ్చుకుంటం. తియ్యి సారూ కరెంటు. నేను గూడ ఒక కుర్సీ ఏసుకొని వింట."

మోటార్ల సంగతి కూడా తానే చూసుకుంటానన్నాడు. రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు, కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు మొదలవుతుంది. అన్నీ ఒక్కసారిగా లేస్తే ఫీడర్ బరువు మోయలేక మళ్లీ పడిపోతుంది. అందరివీ బంద్ పెట్టిస్తానని మాటిచ్చాడు. సగంమంది విన్నారని తర్వాత తెలిసింది, రాజకీయాల్లో సగం అంటే గెలుపే.

మర్నాడు ఉదయం యాదయ్య తన పేరు మీద ఎల్సీ తీసుకుని మనుషులతో సురంగల్ వైపు పోయాడు. చిన్న మంగళారం మొత్తం నిశ్శబ్దమైంది. నా చేతుల మీదుగా వచ్చిన నిశ్శబ్దాన్ని మొదటిసారి కూర్చుని విన్నాను, బాగుంది. ఫిరోజ్ ఒక వెదురుబుట్ట తిప్పి అందరి ఫోన్లూ ఆపించి అందులో వేయించాడు. జంగారెడ్డి తన రెండు ఫోన్లూ కన్నబిడ్డల్ని హాస్టల్లో దింపినట్టు దింపాడు. వేడి తట్టుకోవడానికి అనురాధ గారు మొయినాబాద్ నుంచి ఐసు దిమ్మెలు తెప్పించి టబ్బుల్లో పెట్టించారు. ఐసు పగులుతూ టక్కుమంటోందని ఫిరోజ్ వాటినీ బయటికి పంపించాడు. మేం చెమటల్లో మునిగాం. మదామ్ మాత్రం ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్నట్టుందని హుషారుగా ఉన్నారు.

సంగీతం గురించి రాసే అర్హత నాకు లేదు. మొదటి భాగాలు సాఫీగా సాగాయి, ఒకచోట సముద్రంలాంటిది ఉంది, ఇంకోచోట మేనత్త పియానోలో పలకని మెట్ల కోసం ఖాళీలు వదిలి రాశారు, ఆ ఖాళీల దగ్గర నాకు తెలియకుండానే లోపల్లోపల పాడుకున్నాను. జంగారెడ్డి మోకాలు మీద అయిదు దెబ్బలు వేసుకుంటూ, చప్పుడు కాకుండా జాగ్రత్తపడుతూ కూర్చున్నాడు.

చివరి భాగం దగ్గర చేయి మొండికేసింది. మొదలుపెట్టడం, ఆగడం, వేడినీళ్లలో పెట్టడం, మళ్లీ మొదలుపెట్టడం. అనురాధ గారు చేయి పట్టి చూసి ఇక చాలన్నారు. మదామ్ వినలేదు. నాకు భయం వేసింది. ఇంత దూరం వచ్చిన మనిషి ఇంతవరకు వాయించి ఇక్కడ ఆగిపోతుందా అని నిజంగా బాధ కలిగింది.

ఈలోగా చెప్పిన గడువు దగ్గరపడింది. గేటు దగ్గర ఊరివాళ్లు పోగయ్యారని కాపలాదారు సైగ చేశాడు. నేనూ జంగారెడ్డీ బయటికి వెళ్లాం. ఎండకు మండిపోయి ఉన్నారు, న్యాయమే. "జర ఓపిక పట్టుండ్రి. లోపల ఒక అక్క చేతి నొప్పితోని పోరాడుతున్నది," అని అతను వాళ్లను చెట్టునీడకు తీసుకుపోయి ఐసు దిమ్మెలు పంచిపెట్టాడు. సరిగ్గా అప్పుడే యాదయ్య బండి మీద వచ్చాడు. పని అయిపోయింది, ఎల్సీ తిరిగి ఇచ్చేస్తానన్నాడు. సురంగల్ దగ్గర వంగిపోయిన ఒక క్రాస్ ఆర్మ్, అంటే స్తంభం మీద అడ్డపట్టీ, మంజూరైన పనుల్లోనే ఉంది, దాన్ని మరో రోజుకు పెట్టుకున్నాం. అదీ ఇవాళే సరిచేద్దామన్నాను. యాదయ్య ఇంటి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చేస్తం సారు," అన్నాడు.

అయ్యాక నాకు ఫోన్ చేసి, నేను సరేనన్నాకే ఎల్సీ తిరిగి ఇవ్వమని చెప్పి లోపలికి వచ్చాను. మనసు తేలికపడింది. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోతుందా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మదామ్ మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఆగలేదు. ముఖం నొప్పితో బిగుసుకుపోయింది, వేళ్లు మాత్రం ఉరుకుతున్నాయి. ఆ అయిదు దెబ్బల నడక పెరిగి పెరిగి వీధి నిండా జనం నడిచినట్టు వచ్చి, చివరి స్వరాలు రెండు చేతులా వేసి ఆవిడ పెడల్ తొక్కి ఉంచారు. ఆ మోత మెల్లగా సన్నగిల్లుతోంది. ఎవరూ ఊపిరి తీయడంలేదు. అది పూర్తిగా ఆరిపోయేదాకా వినాలి, అదీ రచనలో భాగమే.

అప్పుడు తల మీద ఫ్యాను కదిలింది.

గోడ పక్కన కొత్త ట్రాన్స్‌ఫార్మర్, పొలాల్లో పాతవి మోత అందుకున్నాయి. మోటార్లు ఒకదాని వెంట ఒకటి లేచాయి. గేటు దగ్గర నుంచి, చెట్టుకింద నుంచి, ఇళ్లలోంచి, పిల్లలూ పెద్దలూ ఒకే గొంతుతో, "కరెంటొచ్చిందీ" అని కేక. ఈ మధ్య కరెంటు పోవడమే తగ్గింది కాబట్టి ఆ కేక విని నాకూ చాలా కాలమైంది. ఫిరోజ్ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

జరిగింది యాదయ్య తర్వాత చెప్పాడు. పని ముగించి నాకు ఫోన్ చేశాడు, స్విచ్చాఫ్. జంగారెడ్డికి చేశాడు, స్విచ్చాఫ్. డాక్టరమ్మకూ అంతే. మనుషులు స్తంభం దిగారు, లైను బాగుంది, ఊరు ఉడికిపోతోంది, ఎల్సీ తన పేరు మీద ఉంది. తిరిగి ఇచ్చేశాడు. అతను చేసింది పూర్తిగా నియమం ప్రకారమే. మా ఫోన్లన్నీ వెదురుబుట్టలో ఒకదాని మీద ఒకటి హాయిగా పడుకుని ఉన్నాయి.

మళ్లీ వాయించే ప్రశ్నే లేదు. ఆ చేయి బొటనవేలు దగ్గర పండులా వాచింది. మదామ్ హెడ్‌ఫోన్స్ అడిగి పెట్టుకుని, చివరిదంతా కళ్లు మూసుకుని విన్నారు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. తల ఎత్తేసరికి నవ్వుతున్నారు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, రెండూ ఒకేసారి.

జాక్‌మెల్‌లో ఎన్ని రోజులకో కరెంటు వచ్చినప్పుడు వీధి వీధంతా ఇదే కేక వేసేదట. మేనత్త మాత్రం పాఠం ఆపనిచ్చేది కాదట. ఈ చివరి భాగం ఆ వీధి మీదే రాశారు. ఆ కేకను పియానోలో పెట్టాలని ఏళ్ల తరబడి ప్రయత్నించి, కుదరక వదిలేశారట. తర్వాత ఎడమచేత్తో మెట్టు నొక్కి చూసి, ఒక్కటే తేడా, మా ఊరి కరెంటు దీనికంటే పైస్వరంలో పాడుతుందన్నారు. హైతీలో సెకనుకు అరవై ఆవృత్తులు, మనకు యాభై. నేను పుస్తకంలో చదివిన తేడాను ఆవిడ చెవితో మోసుకొచ్చారు.

జంగారెడ్డి మాత్రం తప్పు తన ఊరిదేనన్నట్టు నిలబడ్డాడు. "కేకేసింది మావోల్లే అక్కా. తీసేపిస్తరా?" అని అడిగాడు.

అనురాధ గారు చెప్పకముందే ఆవిడకు ప్రశ్న అర్థమైంది. ఇంగ్లిషులో ఒక్క మాటే అన్నారు. "ఉంచండి."

ఆపరేషన్ అనుకున్నట్టే జరిగింది. నొప్పి పోయింది. వేగం తిరిగి రాలేదు. మదామ్ మాంట్రియల్‌లో ఉన్నారు, నెమ్మదైన రచనలు వాయిస్తారు, కొత్తవి రాస్తున్నారు. ఆ రికార్డు విడుదలైంది. ఇప్పుడు అప్పుడప్పుడు కొత్త ఏఈలకు పాఠం చెప్పడానికి నన్ను పిలిస్తే, చివరి భాగం వినిపించి ఏం వినిపించిందని అడుగుతాను. అందరూ ఒకే జవాబు చెబుతారు, ఫీడర్ ఛార్జ్ అయింది సార్ అని. మంచి ఇంజనీర్లు.

వాళ్లకు రెండు విషయాలు చెబుతాను. వినియోగదారుకు ఏం కావాలో అడగకుండా ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించవద్దు. ఎల్సీ నడుస్తున్నంతసేపు, ఎవరు బుట్ట చాపినా సరే, మీ ఫోన్ ఆపవద్దు. రెండోది నేను పాటించి ఉంటే ఆ రికార్డులో కేక ఉండేది కాదు కదా అని ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. ఉండేది కాదన్నాను. నియమం మాత్రం అదే.